ఆవ వేరు మీది రోమాలు, పత్తి గింజ మీది దూది: గుంటూరు ల్యాబ్ డైరీ

ఆగస్టు చివరి వారం

మూడో సంవత్సరం బోటనీ పిల్లలతో ఈ సెమిస్టరుకి పెట్టుకున్న ప్రశ్న ఇది. వేరు బాహ్యచర్మంలో ఉన్న కణాలన్నిటికీ జన్యువులు ఒకటే. అలాంటప్పుడు ఒక కణం మూలకేశంగా, అంటే వేరు మీది రోమంగా సాగితే, దాని పక్కనే పుట్టిన కణం నున్నగా ఎందుకు ఉండిపోతుంది? జన్యు నియంత్రణ అనగానే పిల్లలు లాక్ ఒపెరాన్ అనే జన్యువుల స్విచ్చు బొమ్మ గీసేస్తారు. అది బాక్టీరియా సంగతి. మొక్కలో నియంత్రక జన్యువులు, అంటే వేరే జన్యువుల్ని నడిపించే, ఆపే జన్యువులు, ఒక్కో కణం భవిష్యత్తును ఎలా తేలుస్తాయో కంటికి ఆనే చోటు ఒకటి వాళ్ళకి చూపించాలని నా పట్టుదల.

జన్యువులను చదివే మెషిన్లు మా దగ్గర లేవు. కాంపౌండ్ మైక్రోస్కోపులు, బ్లేడ్లు, కణాలకి పట్టించే శాఫ్రనిన్, టొల్యుయిడిన్ బ్లూ రంగులు ఉన్నాయి. ఈ పనికి అవి చాలు.

మొక్క ఆవ. కారణం ఉంది. కణాల తలరాత గురించి మనకి తెలిసినదాంట్లో పెద్ద భాగం అరబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్క నుంచి వచ్చింది. మొక్కలన్నిటిలోకీ మొదట పూర్తి జీనోము చదివింది దానిదే, 2000లో. అది ఆవ కుటుంబానికి చెందినదే. ఆ కుటుంబంలో మూలకేశాలు ఎక్కడ పడితే అక్కడ రావు, వరసల్లో వస్తాయి. కాబట్టి పట్నం బజారులో కొన్న పోపు ఆవాలే మా పరిశోధన సామగ్రి.

రికార్డు మొదటి పేజీలో పిల్లల చేత ఒక మాట రాయించాను: మనం ఆవలో చూసేది కణాల అమరిక, జన్యువుల పేర్లు, అవి చేసే పని అరబిడాప్సిస్‌లో తేలినవి. ఈ రెండూ ఎక్కడా కలిసిపోకూడదు. ప్రాజెక్టు రిపోర్టుల్లో కళ్ళతో చూసినదీ చదివి తెలుసుకున్నదీ ఒకే పేరాలో రాసేస్తుంటారు. దానివల్ల పిల్లలకి సైన్సు మీదే తప్పు అభిప్రాయం ఏర్పడుతుందని నా నమ్మకం.

సెప్టెంబరు మొదటి వారం

మొలకల పని మొదలైంది. ఆవాలు రెండు మూడు రోజుల్లో మొలకెత్తుతాయి. కష్టమంతా మూలకేశాలు చెడకుండా మైక్రోస్కోపు కిందికి తేవడంలోనే ఉంది. మట్టిలోంచి పీకితే రోమాలు మట్టిలోనే ఉండిపోతాయి. నీళ్ళలో ముంచి పెంచితే సరిగ్గా రావు. తేమ గాలిలో పెరిగిన వేరు మీద మాత్రం దట్టంగా, తెల్లగా వస్తాయి.

అందుకని గాజు స్లైడుకి తడి ఫిల్టర్ పేపరు అంటించి, పై అంచున గింజలు పెట్టి, బీకరులో నిలువుగా నిలబెట్టాం. అడుగున కాసిని నీళ్ళు, పైన మూత. వేరు కాగితం మీదుగా కిందికి దిగుతుంది. ఈ ఉక్కకి బూజు పట్టడం చాలా తొందరగా జరుగుతుంది. గింజల్ని ముందు పలచని బ్లీచింగ్ ద్రావణంలో కాసేపు ఉంచి, మరిగించి చల్లార్చిన నీళ్ళతో బాగా కడిగాక బూజు తగ్గింది.

వేరు కొన దగ్గర రోమాలు ఉండవు. అక్కడ కణాలు విభజన చెందుతుంటాయి. దాని పైన అవి పొడుగ్గా సాగుతాయి. సాగడం ఆగిన చోట రోమాలు మొదలవుతాయి. ముందు చిన్న బుడిపె, ఆ పైన కొంచెం పొడుగు, ఇంకా పైన పూర్తి రోమం. అంటే ఒక్క వేరు మీదే కొన నుంచి పైకి చూసుకుంటూ పోతే కణం ఎదుగుదలలోని అన్ని దశలూ వరసగా దొరుకుతాయి. ఈ సౌకర్యం జంతువుల్లో ఇంత సులువుగా దొరకదు.

టొల్యుయిడిన్ బ్లూ ఒక చుక్క వేసి, వేరును పైనుంచి చూశాం. రోమాలున్న కణాలు నిలువు వరసలో ఉన్నాయి. పక్క వరస నున్నగా ఉంది. రోమం వచ్చే వరసలో కణాలు పొట్టివి, నున్నటి వరసలో పొడుగువి. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఐపీస్‌లో చూసి, వాళ్ళంతట వాళ్ళే "మేడమ్, గీతలు గీసినట్టుంది" అన్నారు. నేను ముందు చెప్పలేదు. చెప్పి చూపిస్తే ఆ కళ్ళలో ఆ మెరుపు రాదు.

సెప్టెంబరు, వినాయక చవితి తర్వాత

ఈ వారం అడ్డుకోతలు. ప్రాజెక్టు మొత్తానికీ ఇదే ముఖ్యమైన పని కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఆవ మొలక వేరు దారం అంత సన్నం. చేత్తో పట్టుకుని బ్లేడు వేస్తే నలిగిపోతుంది. క్యారెట్ ముక్కను నిలువుగా చీల్చి, ఆ చీలికలో వేరు పెట్టి, రెండూ కలిపి తడి బ్లేడుతో కొయ్యాలి. బ్లేడును ఒకే దిశలో, తన వైపు లాగాలి, రంపంలా ఆడించకూడదు. చాలా కోతలు వాచ్ గ్లాసులోకి పోతాయి, వాటిలోంచి కొన్ని మంచివి బ్రష్షుతో ఏరుకోవాలి. మంగళగిరి నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఉంది, ఆమె చెయ్యి కదిలితే కోత పల్చటి పొరలా వస్తుంది. మిగతావాళ్ళంతా ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్నారు.

కోతలో చూడాల్సింది రెండు పొరలే. బయటిది బాహ్యచర్మం. దాని కింద వల్కలం కణాలు, ఇటుకలు పేర్చినట్టు గుండ్రంగా ఒక వరస. బాహ్యచర్మంలోని కణం ఒకటి రెండు ఇటుకల అతుకు మీద కూర్చుంటే దానికి రోమం వస్తుంది. ఒకే ఇటుక నడినెత్తిన కూర్చుంటే రాదు. అంతే నియమం. అరబిడాప్సిస్‌లో వల్కలం వరసలో ఎనిమిది కణాలు ఉంటాయి కాబట్టి ఎనిమిది అతుకులు, ఎనిమిది రోమాల వరసలు. ఆవ వేరు దానికంటే లావు, అతుకులూ ఎక్కువే.

మంచి కోతల్లో రోమం మొదలు ఎక్కడుందో వెతికి, కింద అతుకు ఉందా లేదా అని ఒక్కొక్కళ్ళూ విడివిడిగా గుర్తు పెట్టారు. తర్వాత పక్కవాళ్ళ గుర్తులతో సరిచూశారు. కోత ఏటవాలుగా పడిన చోట తేల్చుకోలేకపోయారు, అలాంటివి పక్కన పెట్టించాను. స్పష్టంగా ఉన్నవాటిల్లో రోమాలు దాదాపు ఎప్పుడూ అతుకు మీదే ఉన్నాయి.

ఇంకో సంగతి, దీన్ని కనిపెట్టింది ఒక కుర్రాడు. కొనకి దగ్గరగా, ఇంకా రోమాలు రాని చోట కోసిన కోతలో కూడా అతుకు మీది కణాలు ముదురు నీలంగా ఉన్నాయి, మిగతావి లేత నీలం. ఇది అరబిడాప్సిస్‌లోనూ తెలిసిన విషయమే. రోమం కాబోయే కణంలో జీవపదార్థం చిక్కగా ఉంటుంది, రిక్తిక (కణంలోని నీటి సంచి) చిన్నది. అంటే బుడిపె మొలవకముందే, కణం ఇంకా చిన్నగా ఉన్నప్పుడే నిర్ణయం అయిపోయింది. రోమం ఆ తర్వాత వచ్చే ఫలితం మాత్రమే.

సెప్టెంబరు నెలాఖరు

నిర్ణయం ఎవరు తీసుకుంటున్నారు? ఈ వారమంతా బోర్డు మీదే గడిచింది.

1990లలో అరబిడాప్సిస్‌లో వింత మొక్కల్ని పోగుచేశారు. వేరు మీద దాదాపు ప్రతి కణానికీ రోమం వచ్చేవి కొన్ని, రోమాలు బాగా తక్కువగా ఉన్నవి కొన్ని. ఒక్కొక్కదాంట్లో ఏ జన్యువు చెడిపోయిందో వెతికితే నియంత్రక జన్యువులు బయటపడ్డాయి. మిషిగన్ యూనివర్సిటీలో జాన్ షీఫెల్బైన్ బృందం ఇందులో చాలా భాగం చేసింది.

క్లుప్తంగా ఇలా జరుగుతుంది. ఇటుక నడినెత్తిన కూర్చున్న కణంలో వేర్‌వుల్ఫ్ అనే జన్యువు ప్రోటీన్ తయారుచేస్తుంది. అది గ్లాబ్రా-3, టీటీజీ-1 అనే రెండు ప్రోటీన్లతో జతకడుతుంది. మూడూ కలిసి డీఎన్ఏ మీద వాలి గ్లాబ్రా-2 అనే జన్యువును నడిపిస్తాయి. గ్లాబ్రా-2 రోమం పుట్టించే జన్యువుల్ని ఆపేస్తుంది. ఆ కణం నున్నగా ఉండిపోతుంది.

ఇక్కడితో ఆగితే ఇది మామూలు స్విచ్చే. నన్ను ఈ విషయానికి కట్టిపడేసింది తర్వాతి భాగం. అదే మూడు ప్రోటీన్ల జట్టు, అదే కణంలో, క్యాప్రిస్ అనే ఇంకో చిన్న జన్యువును కూడా నడిపిస్తుంది. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించారు. క్యాప్రిస్ ప్రోటీన్ పుట్టిన కణంలో ఉండిపోదు. కణాల మధ్య సన్నటి దారుల గుండా పక్క కణంలోకి వెళ్తుంది. అక్కడ వేర్‌వుల్ఫ్ కూర్చోవాల్సిన చోట తను కూర్చుంటుంది. కానీ జన్యువును నడిపించే భాగం దానికి లేదు. దాంతో ఆ పక్క కణంలో జట్టు పనిచేయదు, గ్లాబ్రా-2 రాదు, రోమం మొలుస్తుంది. అంటే నున్నగా ఉండబోయే కణం తన నిర్ణయాన్ని తనలో అమలు చేసుకుంటూనే, పక్కదాన్ని రెండో దారికి పంపుతోంది. క్యాప్రిస్ చెడిపోయిన మొక్కలో రోమాలు తగ్గిపోతాయి, వేర్‌వుల్ఫ్ చెడిపోతే వేరంతా రోమాలే.

మరి ఎవరు ఎటు అన్నది మొదట తేల్చేది ఎవరు? అతుకు మీద ఉన్నానని కణానికి ఎలా తెలుస్తుంది? 2005లో దొరికిన స్క్రాంబుల్డ్ అనే జన్యువు దీనికి జవాబులో ఒక భాగం. దాని ప్రోటీన్ కణం పైపొరలో ఉండి బయటి సంకేతాన్ని అందుకుంటుంది. అతుకు మీది కణంలో అది వేర్‌వుల్ఫ్‌ను అణచివేస్తుంది. ఆ కాస్త తేడాని క్యాప్రిస్ రాకపోకలు పెద్దవి చేస్తాయి. స్క్రాంబుల్డ్ చెడితే రోమాల సంఖ్య ఉంటుంది కానీ వరసలు చెదిరిపోతాయి.

"మేడమ్, కణానికి తన తల్లి కణం నుంచి ఏమీ రాదా?" అని అడిగింది ఒకమ్మాయి. చాలా మంచి ప్రశ్న. 1998లో దానికి జవాబిచ్చే పని ఒకటి జరిగింది. అప్పుడప్పుడు బాహ్యచర్మంలో ఒక కణం నిలువుగా చీలి, రెండు పిల్ల కణాల్లో ఒకటి అతుకు మీద, ఒకటి ఇటుక మీద పడుతుంది. కొత్త చోటికి వచ్చిన పిల్ల తల్లి దారి వదిలేసి, ఆ చోటుకి తగిన దారి పట్టింది. లేజరుతో పక్క కణాల్ని కాల్చి, ఖాళీలోకి వేరే కణాన్ని జరిగేలా చేసినప్పుడూ అదే జరిగింది. మొక్క కణం ఎవరికి పుట్టిందన్న దానికన్నా ఎక్కడ ఉందన్నదే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. ఈ ఒక్క వాక్యం పిల్లల్లో నిలిస్తే సెమిస్టరు ఫలించినట్టే అనుకుంటాను.

ఇంకో చిక్కు ప్రశ్న కూడా వచ్చింది. గ్లాబ్రా-2 వేరు మీద రోమం రాకుండా ఆపుతుంది. అదే గ్లాబ్రా-2 ఆకు మీద రోమం రావడానికి కావాలి. ఆకులో వేర్‌వుల్ఫ్ బదులు గ్లాబ్రా-1 అనే దాని దగ్గరి చుట్టం జట్టులో కూర్చుంటుంది, మిగతా సభ్యులు వాళ్ళే. టీటీజీ-1 చెడిపోతే ఆకు బోడిగా అయిపోతుంది, వేరు నిండా రోమాలు వస్తాయి, గింజ తొక్క రంగు పోతుంది, కాండంలో ఊదా రంగు కూడా పోతుంది. ఒక్క జన్యువుతో ఇన్ని! నియంత్రక జన్యువు దేన్నీ స్వయంగా కట్టదు, కింద పనిచేసే జన్యువుల్లో ఏవి లేవాలో, ఏవి ఆగాలో చెబుతుంది. ఆ కింది జన్యువుల జాబితా ఆకులో ఒకటి, వేరులో ఒకటి. దీన్ని బట్టీ పట్టించకుండా ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరికొకరు బొమ్మ గీసి చెప్పుకోమన్నాను.

అక్టోబరు, దసరా సెలవుల ముందు

పోలిక కోసం టమోటా, వరి మొలకలు కూడా పెట్టాం. టమోటా వేరులో అతుకు నియమం కనబడలేదు; ఏ కణానికైనా రోమం రావచ్చు అన్నట్టుంది. పుస్తకాల్లో ఉన్నదీ అదే. వరిలో పద్ధతి మూడోది: కణం అసమానంగా విభజన చెంది, పొట్టి కణం రోమం అవుతుంది, పొడుగుది అవదు. అడ్డుకోత కన్నా పైనుంచి చూస్తేనే ఇది తేలుతుంది.

ఫాస్ఫేటు పని కూడా మొదలుపెట్టాం. మట్టిలో ఫాస్ఫేటు కదలదు, వేరు తనే దాని దగ్గరికి వెళ్ళాలి. ఫాస్ఫేటు కరువైతే అరబిడాప్సిస్‌లో మూలకేశాలు పొడుగ్గా, ఎక్కువగా వస్తాయి. వల్కలంలో కణాల సంఖ్య పెరిగి, అతుకులూ పెరగడం ఇందులో ఒక కారణం. పొలం ఉన్న ఇళ్ళ పిల్లలు డీఏపీ వేద్దామన్నారు. కానీ అందులో అమ్మోనియం కూడా ఉంటుంది, తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేం. అందుకని ఒక వరస కుండీలకి పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేటు, రెండో వరసకి దానికి సరిపడా పొటాషియం వచ్చేలా పొటాషియం క్లోరైడు. మిగతా లవణాలన్నీ రెండిటికీ సమానం. కృష్ణ ఇసకను యాసిడ్‌తో కడిగి, యాసిడ్ పోయేదాకా నీళ్ళతో కడిగి వాడాం. ఆవగింజలోనే కొంత ఫాస్ఫరస్ దాచి ఉంటుంది కాబట్టి తొలి ఆకులు విచ్చుకునేదాకా తేడా ఆశించకూడదు. పిల్లలకి తొందరగా ఉంది. ఆగమన్నాను.

అక్టోబరు నెలాఖరు

పెదనందిపాడు వైపు పత్తి చేలోకి వెళ్ళాం. మా విద్యార్థి వాళ్ళ చేనే. నల్లరేగడి, రాత్రి వాన పడి చెప్పులకి మట్టి గడ్డలుగా అంటుకుంది.

పత్తి ఎందుకంటే, దూది పోగు ఒక్కొక్కటీ ఒకే ఒక్క కణం. గింజ కాబోయే అండం బాహ్యచర్మంలో ఒక కణం పైకి లేచి, పక్క కణాల్ని వదిలేసి, రెండున్నర మూడు సెంటీమీటర్ల దాకా సాగిపోతుంది. బాహ్యచర్మంలో దాదాపు 25 నుంచి 30 శాతం కణాలే ఈ దారి పడతాయి. మిగతావి ఉన్నచోటే ఉండిపోతాయి. అదే ప్రశ్న, ఈసారి గుంటూరు జిల్లా బతుకు నడిపించిన పంటలో.

కణాలు లేచేది పువ్వు విచ్చుకున్న రోజే. అందుకే పువ్వు వయసు కచ్చితంగా తెలియాలి. విద్యార్థి నాన్నగారు చాలా ఓపికగా చూపించారు. "ఇయ్యాళ పూసింది తెల్లగా ఉంటది మేడమ్, రేపటికి ఎర్రబడుద్ది. ఎర్రటిది తీసుకున్నారంటే ఒక రోజు దాటినట్టే" అన్నారు. తెల్ల పువ్వుల కాడలకి తెల్ల దారం, ముందురోజు పూసినవాటికి ఎర్ర దారం కట్టాం. మధ్యాహ్నం కాయ పిందెల్ని కోసి, అక్కడికక్కడే చీల్చి, అండాల్ని ఫార్మలిన్, ఎసిటిక్ యాసిడ్, ఆల్కహాలు కలిపిన ద్రావణంలో వేసుకున్నాం. పూత రాని గూడ (విచ్చుకోని మొగ్గలు) కూడా కొంత తీసుకున్నాం, పోల్చడానికి.

పిందెలు తెంపుతుంటే ఆయన ముఖం చూసి నాకు కష్టంగా అనిపించింది. ప్రతి పిందే ఒక కాయ. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "మా వాడికి ఏం కనపడుద్దో చెప్పండి చాలు" అన్నారు. రిపోర్టులో ఆయన సాయం గురించి ముందు పేజీలో రాయాలని పిల్లలు తీర్మానించుకున్నారు.

నవంబరు మొదటి వారం

పత్తి అండాల కోతలు ఆవ వేరు కన్నా సులువు. గూడ దశలో బాహ్యచర్మం చదునుగా ఉంది. తెల్ల పువ్వు అండంలో కొన్ని కణాలు గుండ్రంగా బయటికి ఉబ్బి కనిపించాయి. అవి చలాజా అనే అండం అడుగు కొన వైపు ఎక్కువ, రెండో కొనవైపు తక్కువ. ఎర్ర దారం అండాల్లో ఆ ఉబ్బులు పొట్టి గొట్టాల్లా సాగాయి. గింజను అంటిపెట్టుకుని ఉండే నూగు ఇంకా రాలేదు. అది దూది తర్వాత కొన్ని రోజులకి మొదలయ్యే వేరే జట్టు కణాలు. జిన్నింగ్ మిల్లులో దూది ఊడి వచ్చేస్తుంది, నూగు గింజ మీదే ఉండిపోతుంది. అది తీయడానికే విత్తన కంపెనీలు సల్ఫ్యూరిక్ యాసిడ్ వాడతాయి.

ఇక నియంత్రక జన్యువుల సంగతి. దేశవాళీ పత్తిలో ఆకు రోమాల గ్లాబ్రా-1కి చుట్టమైన జన్యువు ఒకటి ఉంది. 2004లో చైనా శాస్త్రవేత్తలు దాన్ని గ్లాబ్రా-1 చెడిపోయి బోడిగా ఉన్న అరబిడాప్సిస్‌లో పెట్టారు. ఆకుల మీద రోమాలు తిరిగి వచ్చాయి. ఆ జన్యువును మొక్క అంతటా ఎక్కువగా నడిపించినప్పుడు, అరబిడాప్సిస్ గింజ మీద కూడా అక్కడక్కడా ఒక్కో రోమం మొలిచింది. మామూలుగా ఆ గింజ నున్నగా ఉంటుంది. అంటే కొన్ని కోట్ల ఏళ్ళ కిందట విడిపోయిన రెండు మొక్కల్లో ఒకదాని ఆదేశం రెండోదానికి అర్థమైంది. 2011లో ఆస్ట్రేలియాలో అదే కుటుంబానికి చెందిన మరో పత్తి జన్యువును అణచివేస్తే, గింజలు దూది లేకుండా వచ్చాయి. ఒక్క నియంత్రక జన్యువు ఆగితే పోగు కణం అసలు మొదలే కాలేదు.

స్లైడ్ల ఫొటోలు విద్యార్థి వాళ్ళ నాన్నగారికి వాట్సాప్‌లో పంపించాం. ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడారు. నీళ్ళు తక్కువైన ఏడాది దూది పొట్టిగా వస్తుంది కదా, మరి ఉబ్బే కణాల సంఖ్య తగ్గుతుందా, లేక సాగడం తగ్గుతుందా అని అడిగారు. ఎన్ని కణాలు మొదలవుతాయన్నది పూసిన రోజుకే చాలావరకు తేలిపోతుంది, ఎంత పొడుగు సాగుతాయన్నది తర్వాత రెండు మూడు వారాల మీద ఆధారపడుతుంది, నీటి ఎద్దడి ఆ వారాల్లో వస్తే పొడుగు దెబ్బతింటుంది అని చెప్పాను. పూతకి ముందే ఎద్దడి వస్తే కణాల సంఖ్య ఏమవుతుందన్నది మేం స్వయంగా చూడదగ్గ ప్రశ్న. వచ్చే ఏడాది బ్యాచ్‌కి అదే ఇస్తాను. కుండీల్లో పత్తి, రెండు రకాల తడి, తెల్ల పువ్వు రోజు అండాల కోతలు.

ప్రస్తుతానికి మిగిలిన పనులు: ఫాస్ఫేటు కుండీల ఆవ వేర్లు ఈ వారాంతం కొయ్యాలి. కొన నుంచి ఒకే దూరంలో కోసినవాటినే పోల్చాలి, లెక్కించేవాళ్ళకి ఏ కుండీదో తెలియకూడదు, స్లైడ్లకి అంకెలు మాత్రమే వేస్తున్నాం. కోతలు మంగళగిరి అమ్మాయి, ఇంకో ఇద్దరు చేస్తారు. క్యారెట్లు, కొత్త బ్లేడ్లు కొనాలి.